అంకె ఎవరి వైపు తిరిగి ఉంది?

టోల్ గేటు ఫాస్టాగ్ నుంచి శ్రీసిటీ కన్వేయర్ దాకా, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి పాల డెయిరీ దాకా... తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ట్యాగులూ సెన్సర్లూ లెక్క రాస్తున్నాయి. ఆ లెక్క ఎవరికి కనబడుతోంది?

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో, పాకాల మండలం గాదంకి దగ్గర టోల్ ప్లాజా వస్తుంది. కారు నెమ్మదిస్తుంది. అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌ని పైనున్న రీడర్ చదువుతుంది, గేటు లేస్తుంది, కాసేపటికి ఫోన్‌లో మెసేజ్ మోగుతుంది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉన్నదీ ఈ గాదంకిలోనే. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 1024 యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి వదిలి, గాలి పొరలను తాకి వెనక్కి వచ్చే సన్నటి ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. దాని గరిష్ఠ శక్తి 2.5 మెగావాట్లు, అంటే పాతిక లక్షల వాట్లు. మన దేశంలో ఫాస్టాగ్ లాంటి ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగంతో గుర్తుపట్టే పద్ధతి) రీడర్ ట్రాన్స్‌మిటర్‌కు అనుమతి ఉన్నది ఒక్క వాట్‌కే. శక్తిలో ఏనుగుకీ చీమకీ ఉన్నంత తేడా ఉన్నా పని మాత్రం ఒకటే: తరంగాన్ని పంపడం, తిరిగొచ్చిన దాన్ని వినడం.

ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల మీద తప్పనిసరి అయింది. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి చెక్‌పోస్టులో కూడా అది లేనిదే కొండకి బండి ఎక్కదు. కాబట్టి ఆర్‌ఎఫ్‌ఐడీ అంటే ఏమిటో మన వాళ్లకి కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. గేటు దగ్గర కారును గుర్తుపట్టే ఆ పద్ధతే ఫ్యాక్టరీ లోపల టైరును, కారు బాడీని, గుజ్జు డ్రమ్మును, మిషన్ తలుపును గుర్తుపడుతుంది. కార్ల ఫ్యాక్టరీలకైతే ఇది 1980ల నుంచే తెలుసు.

బ్యాటరీ లేని చీటీ

ట్యాగ్‌లో మిరియపు గింజలో పదో వంతు కూడా ఉండని చిప్, దాని చుట్టూ పల్చటి యాంటెన్నా, అంతే. బ్యాటరీ ఉండదు. రీడర్ పంపిన తరంగం నుంచే చిప్ తనకు కావలసిన కాసింత కరెంటు లాక్కుంటుంది. ఆ కరెంటుతో మేలుకుని, అదే తరంగాన్ని ఆగి ఆగి వెనక్కి తిప్పికొడుతుంది. ఆ ఆగడంలో, తిప్పడంలోనే దాని నంబరు ఉంటుంది. ఎండలో పిల్లలు అద్దం ముక్క తిప్పుతూ ఎదురింటి గోడ మీద వెలుగు పడేస్తారే, అలాగన్నమాట. వెలుగు సూర్యుడిది, తిప్పే చెయ్యి మాత్రం పిల్లవాడిది.

ఈ కిటుకు పుట్టుక కాస్త గూఢచారి కథలా ఉంటుంది. 1945లో సోవియట్ పిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారి హారిమన్‌కి చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్ర బహూకరించారు. అది రాయబారి గదిలో గోడకు వేలాడింది. లోపల లియోన్ థెరెమిన్ తయారుచేసిన వినికిడి పరికరం ఉంది. బ్యాటరీ లేదు, వైరు లేదు. బయటి నుంచి రేడియో తరంగం కొట్టినప్పుడే అది పలికేది. ఏడేళ్ల దాకా ఎవరూ కనిపెట్టలేకపోయారు. 1948లో హారీ స్టాక్‌మన్ ఈ సూత్రం మీద, అంటే తిప్పికొట్టిన శక్తితో సమాచారం పంపడం మీద, పరిశోధన పత్రం రాశాడు. అక్కణ్నుంచి మామూలు సరుకు మీదికి రావడానికి యాభై ఏళ్లు పట్టింది. 1999లో అమెరికాలోని ఎంఐటీలో ఆటో-ఐడీ సెంటర్ మొదలైంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన సంజయ్ శర్మ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. ట్యాగ్‌లో బోలెడు సమాచారం కుక్కొద్దు, ఒక నంబరు చాలు, మిగతాదంతా కంప్యూటర్‌లో పెట్టుకుందాం అన్నది వాళ్ల ఆలోచన. చిప్ చవకైంది అందుకే.

చవకైంది కదా అని అన్నిటి మీదా అంటిస్తే పని జరుగుతుందా? 2003లో వాల్‌మార్ట్ తన పెద్ద సరఫరాదారులందరికీ 2005 జనవరికల్లా పెట్టెల మీద ట్యాగులు ఉండాల్సిందే అని హుకుం జారీ చేసింది. అనుకున్నంత సాగలేదు. ఇనుము ఈ తరంగాన్ని తోసేస్తుంది, నీళ్లు మింగేస్తాయి. రేకు డబ్బాలు, నీళ్ల సీసాలు నిండిన గోదాములో రీడర్ సగం వింటుంది, సగం వినదు. సగం లెక్క కంటే అసలు లెక్క లేకపోవడమే నయం. లేకపోతే కనీసం మనిషి లేచి వెళ్లి ఎంచుతాడు.

పచ్చి టైరుకి పేరు పెట్టాలి

2008లో మొదలైన శ్రీసిటీ, దాని చుట్టూ ఉన్న సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలు 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లావి, ఇప్పుడు తిరుపతి జిల్లావి. ఒకప్పుడు మెట్ట పొలాలు, చెరువులు ఉన్న నేల మీద ఇవాళ ఇసుజు పికప్ వ్యాన్లు, ఆల్‌స్టామ్ మెట్రో బోగీలు, డైకిన్ ఏసీలు, క్యాడ్బరీ చాక్లెట్లు తయారవుతున్నాయి. సిడ్నీ మెట్రోలో మొదట తిప్పిన రైళ్లు ఇక్కడ తయారైనవే. సెల్‌ఫోన్ల అసెంబ్లీ 2015లో ఫాక్స్‌కాన్‌తో మొదలైంది. దగ్గర్లోనే మాదన్నపాళెంలో హీరో బైకులు, చిన్నపాండూరులో 2020 జూన్‌లో మొదలైన అపోలో టైర్లు. ఇటు ఏర్పేడు, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లు. కరకంబాడిలో 1985లో మొదలైన అమరరాజా సరేసరి.

ఇంత రకరకాల సరుకు ఒకే ప్రాంతంలో తయారవుతున్నప్పుడు ఆర్‌ఎఫ్‌ఐడీ అవసరం ఎక్కడ ఎలా మారుతుందో చూడటం సరదాగా ఉంటుంది. ఇక్కడ చెప్పేది ఫలానా కంపెనీ సంగతి కాదు, ఆ రంగం నడిచే తీరు.

టైరు తీసుకుందాం. రబ్బరు, నూలు, ఉక్కు తీగల పొరలు చుట్టి తయారుచేసిన టైరుని ఇంకా ఉడికించకముందు ‘గ్రీన్ టైర్’ అంటారు. పేరుకి పచ్చిదే గానీ రంగు నలుపే, పైన గీతలు ఉండవు. రకరకాల సైజులవి పక్కపక్కన పెడితే చూపుకి అన్నీ అక్కచెల్లెళ్లే. దాన్ని అచ్చులో పెట్టి, 150 డిగ్రీలకు పైగా వేడిలో ఆవిరి ఒత్తిడితో ఉడికిస్తారు. గంధకం రబ్బరు పోగుల్ని ఒకదానికొకటి ముడివేస్తుంది. ఆ ముడి పడ్డాక ఇక విప్పలేరు. తప్పు టైరు తప్పు అచ్చులోకి వెళ్లిందా, అది చెత్తే. కరిగించి మళ్లీ పోయడానికి అది ప్లాస్టిక్ కాదు. అందుకే ప్రెస్సు మూత పడకముందే టైరు అంచున అంటించిన వేడి తట్టుకునే బార్‌కోడ్‌ని మిషన్ చదువుతుంది. నంబరు సరిపోతేనే మూత పడుతుంది.

బార్‌కోడ్‌తో చిక్కేమిటంటే, అది కంటికి కనబడాలి. రిమ్ముకి ఎక్కించాక ఆ అంచు లోపలికి పోతుంది. రోడ్డు మీద అరిగి, ఊడి, రీట్రెడ్‌కి వచ్చిన లారీ టైరు ఎప్పుడు పుట్టిందో, ఇంతకుముందు ఎన్నిసార్లు రీట్రెడ్ అయిందో చెప్పేవాళ్లుండరు. అందుకని ఇప్పుడు స్ప్రింగులాంటి సన్న యాంటెన్నా ఉన్న ట్యాగ్‌ని రబ్బరు పొరల మధ్యే పెట్టి ఉడికిస్తున్నారు. టైరు సాగినప్పుడల్లా స్ప్రింగు కూడా సాగుతుంది కాబట్టి తెగదు. దీనికి 2019లో అంతర్జాతీయ ఐఎస్ఓ ప్రమాణాలు కూడా వచ్చాయి. మిషెలిన్ లాంటి కంపెనీలు ఈ దారిలో చాలా ముందున్నాయి. టైరులో ఉక్కు తీగలున్నాయి, రబ్బరులో కార్బన్ ఉంది, రెండూ రేడియోకి శత్రువులే. అయినా ట్యాగ్‌ని ఉక్కు తీగలకు ఎడంగా, పక్కగోడలో ఎక్కడ పెడితే పలుకుతుందో వెతికి వెతికి పట్టుకున్నారు.

కార్ల పెయింట్ షాప్‌లో కథ ఇంకోలా ఉంటుంది. కారు బాడీ ఒక ఇనుప స్కిడ్ మీద కూర్చుని రసాయనాల తొట్టిలో మునుగుతుంది, రంగు కొట్టించుకుంటుంది, 160, 180 డిగ్రీల ఓవెన్‌లో కాలుతుంది. కాగితం చీటీ అంటిస్తే తొట్టిలో నానిపోతుంది, లేదా రంగు కింద మునిగిపోతుంది. అందుకని వేడి తట్టుకునే గట్టి ట్యాగ్‌ని స్కిడ్‌కే బిగిస్తారు. ఇనుముకి ఆనకుండా మధ్యలో కాస్త ఎడం ఉంచి బిగించాలి, లేకపోతే మూగబోతుంది. ప్రతి స్టేషన్ గుమ్మంలో రీడర్ అడుగుతుంది: ఏ మోడల్, ఏ రంగు? ట్యాగ్ చెప్పిన దాన్నిబట్టి రోబో గన్ను తిప్పుకుంటుంది. బాడీ దిగిపోయాక స్కిడ్ వెనక్కి వచ్చి మరో బాడీని ఎక్కించుకుంటుంది, ట్యాగ్ పాత సంగతి చెరిపేసుకుని కొత్తది రాసుకుంటుంది. ఒకే ట్యాగ్ వేల సార్లు పనిచేస్తుంది కాబట్టి దాని ఖరీదు ఎవరికీ బరువనిపించదు.

స్పానర్ పెట్టి చూడు

ట్యాగ్ ‘నేనెవరో’ చెబుతుంది. ‘నేను వచ్చాను, ఇక్కడున్నాను, ఇంత వేడిగా ఉన్నాను’ అని చెప్పేది సెన్సర్. పత్రికల్లో పేరు ట్యాగ్‌కి వస్తుంది గానీ ఫ్యాక్టరీని నడిపేది సెన్సరే.

వాటిలో బీదింటి పెద్దన్న ‘ప్రాక్సీ’. ప్రాక్సిమిటీ సెన్సర్‌కి షాప్‌ఫ్లోర్ మీద ఉన్న ముద్దుపేరు. బొటనవేలంత లావు, మరలున్న ఇత్తడి గొట్టం, వెనక చిన్న పసుపు లైటు, మూడు వైర్లు: గోధుమ రంగుది ప్లస్, నీలం మైనస్, నల్లది సిగ్నల్. ఇనుము దాని మూతి ముందుకి కొన్ని మిల్లీమీటర్ల దగ్గరకు వస్తే లైటు వెలుగుతుంది, మిషన్‌ని నడిపే కంప్యూటర్ అయిన పీఎల్‌సీకి కబురు వెళుతుంది. అంతకంటే దూరంలో ఉంటే దానికి ఏమీ తెలియదు. తాకదు కాబట్టి అరగదు. నూనె, దుమ్ము పడినా పట్టించుకోదు. వెలుతురుతో పనిచేసే ఫొటో సెన్సర్ అలా కాదు, దానికి అద్దం ఉంది కాబట్టి రోజూ తుడవాలి.

నైట్ షిఫ్ట్‌లో లైన్ ఆగినప్పుడు ఇక్కడి ఏ ప్లాంటులోనైనా ఇలాంటి మాటలే వినబడతాయి.

“ఏమబ్బా, లైన్ నిలబడిపోయిందే?”

“ప్రాక్సీ సిగ్నల్ రాలేదన్నా.”

“స్పానర్ పెట్టి చూడు. లైట్ వస్తాందా?”

“వస్తాంది.”

“అయితే ప్రాక్సీ బాగానే ఉండాది. బ్రాకెట్ కదిలుంటుంది, దాన్ని చూడు.”

స్పానర్ మూతికి లైటు వెలిగిందంటే సెన్సర్ బతికే ఉంది. వస్తువుకీ దానికీ మధ్య ఎడం పెరిగిందన్నమాట. సెన్సర్ మార్చనక్కర్లేదు, నట్టు బిగిస్తే చాలు. ఈ మూడు ముక్కల తర్కం తెలియనివాడు మంచి సెన్సర్‌ని పీకి కొత్తది పెట్టి, మళ్లీ లైన్ ఆగితే బుర్ర గోక్కుంటాడు. ఇంకో తిరకాసు కూడా ఉంది. జపాన్ మిషన్లలో ఎక్కువగా ఎన్‌పీఎన్ రకం సెన్సర్లు, యూరప్ మిషన్లలో పీఎన్‌పీ రకం ఉంటాయి. చూడటానికి కవలపిల్లలే, సిగ్నల్ ఇచ్చే తీరు మాత్రం తలకిందులు. జపాన్ కంపెనీ, యూరప్ కంపెనీ పక్కపక్కన ఉన్న శ్రీసిటీలో ఉద్యోగం మారిన కుర్రాడు మొదట నేర్చుకోవాల్సింది ఇదే.

ట్యాగులొస్తే ఉద్యోగాలు పోతాయా అంటే, కొన్ని పోతాయి, దాచడం దేనికి? గోదాములో రిజిస్టరు పట్టుకుని పెట్టెలు లెక్కపెట్టే పని పోతుంది. దాని స్థానంలో వచ్చేది రీడర్ బిగించే పని, పీఎల్‌సీలో తప్పు వెతికే పని. అవి పోయినన్ని ఉండవు, కానీ జీతం మెరుగు. మన చుట్టూ చదువుకి కొదవ లేదు. 2015లో మొదలై ఇప్పుడు ఏర్పేడులో ఉన్న ఐఐటీ తిరుపతికి, స్థాన నిర్ధారణ, సూక్ష్మ కొలతల సాంకేతికత మీదే కేంద్రం ఇచ్చిన ప్రత్యేక పరిశోధన హబ్ ఉంది. శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ ఉంది. పేటమిట్టలో అమరరాజా నైపుణ్య కేంద్రం ఉంది. నా మటుకు నాకు, వీటన్నిటికంటే ముందు ఊరి ఐటీఐలో ఒక పాత కన్వేయర్, నాలుగు ప్రాక్సీలు, ఒక రీడర్ ఉండటం ముఖ్యం అనిపిస్తుంది. బ్రాకెట్ కదిలిందని కనిపెట్టేది ఆ ఐటీఐ కుర్రాడే.

తోతాపురి లెక్క

ఇక పెద్ద కంపెనీల గేటు దాటి మన సొంత పరిశ్రమకి వద్దాం. చిత్తూరు అంటే తోతాపురి, తోతాపురి అంటే గుజ్జు ఫ్యాక్టరీలు. గుజ్జుని వేడి గొట్టాల్లో నడిపి క్రిమిరహితం చేసి, చల్లార్చి, గాలి సోకని సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెడతారు. ఆ గొట్టంలో కూర్చునేది పీటీ-100 అనే వేడి సెన్సర్. లోపల సన్న ప్లాటినం తీగ. సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 138.5. ఆ తేడాని కొలిచి వేడి ఎంతో చెబుతుంది. నిర్ణయించిన వేడి తగ్గిందంటే వాల్వు తిరిగి, గుజ్జు నింపే వైపు పోకుండా వెనక్కి మళ్లుతుంది. విదేశీ కొనుగోలుదారు గుజ్జు రుచితో పాటు ఆ రోజు ఆ డ్రమ్ము ఎంత వేడి చూసిందో రికార్డు కూడా అడుగుతాడు. డ్రమ్ము మీది చీటీ, సెన్సర్ రాసిన గ్రాఫు రెండూ కలిస్తేనే ఆ సరుక్కి విలువ.

లోపల ఇంత పద్ధతి ఉన్న ఫ్యాక్టరీ గేటు బయట ఏం జరిగిందో 2025 జూన్‌లో జిల్లా మొత్తం చూసింది. ధర పడిపోయింది, ట్రాక్టర్లు, లారీలు రోజుల తరబడి క్యూల్లో నిలబడ్డాయి, కాయ ఎండకి మగ్గిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలి, మేము 4 రూపాయలు కలుపుతామని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. ధర గొడవని ట్యాగ్ తీర్చలేదు. కానీ క్యూ గొడవని తీర్చగలదు. ట్రాక్టరుకి ఒక ట్యాగ్, గేటులో ఒక రీడర్, కాటా దగ్గర ఒక రీడర్ ఉంటే ఎవరు ముందొచ్చారో, ఎవరి బండి అడ్డదారిలో లోపలికి వెళ్లిందో దాచలేరు. ఇదేమీ రాకెట్ విజ్ఞానం కాదు, టోల్ గేటులో రోజూ చూస్తున్నదే.

కాటా కూడా సెన్సరే. వేబ్రిడ్జి కింద లోడ్ సెల్స్ ఉంటాయి. బరువుకి ఉక్కు దిమ్మ వెంట్రుకవాసి వంగితే, దానికి అతికించిన తీగ సాగి కరెంటు మారుతుంది. సరిచూసిన సెన్సర్ అబద్ధం చెప్పదు. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసి ఉన్నంతకాలం దాన్ని నమ్మొచ్చు. రైతు అనుమానం సెన్సర్ మీద కాదు, ఆ అంకె కనబడే తెర గదిలోపలికి తిరిగి ఉండటం మీద. పాల కేంద్రంలో ఫ్యాట్ మిషన్ దగ్గరా ఇదే తగువు. వెన్న శాతం చూపే అంకె పోసినవాడికి కనబడితే నోరెత్తడు, కనబడకపోతే మిషన్ ఎంత మంచిదైనా నమ్మడు.

ఫాస్టాగ్‌ని జనం ఎందుకు ఒప్పుకున్నారు? డబ్బు కట్ అయిన వెంటనే మెసేజ్ మనకే వస్తుంది కాబట్టి. ఫ్యాక్టరీలో మెడలో వేసుకునే కార్డూ ఆర్‌ఎఫ్‌ఐడీయే. ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు అని రాస్తుంది. ఆ రాసింది యాజమాన్యానికి ఎలాగూ కనబడుతుంది. ఓవర్‌టైమ్ లెక్క దగ్గర తేడా వచ్చినప్పుడు అదే రికార్డు పనిచేసినవాళ్లకీ కనబడాలి కదా?

ముక్కు అలవాటు పడిపోతుంది

సెన్సర్ ఎవరి కోసం ఉంది అన్న ప్రశ్న అన్నిటికంటే గట్టిగా వినబడేది ప్రాణం దగ్గర. 2020 ఆగస్టులో పూతలపట్టు మండలం బండపల్లి దగ్గర ఒక పాల డెయిరీలో అమ్మోనియా లీకై పద్నాలుగు మంది మహిళా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. పాలు, గుజ్జు, ఐస్‌క్రీమ్, ఏదైనా చల్లగా ఉంచాలంటే పెద్ద ప్లాంట్లలో ఎక్కువగా వాడే వాయువు అమ్మోనియానే. ఎనిమిది గంటల షిఫ్ట్‌కి గాలిలో అది 25 పీపీఎం (పది లక్షల్లో 25 వంతులు) మించకూడదు. 300 పీపీఎం దగ్గర ప్రాణానికే ప్రమాదం. వాసన ఘాటుగా ఉంటుంది కదా, ముక్కే చెబుతుందిలే అనుకుంటారు. కానీ రోజూ కాస్తకాస్త పీల్చే ముక్కు అలవాటు పడిపోతుంది, తర్వాత చెప్పదు. గ్యాస్ సెన్సర్ అలా అలవాటు పడదు, కానీ దానికీ ఆయుష్షు ఉంది. లోపలి రసాయన కణం రెండు మూడేళ్లకు మారాలి, మధ్యలో తెలిసిన మోతాదు వాయువు పట్టి సరిచూస్తుండాలి. గోడకు బిగించి వదిలేసిన సెన్సర్ అలంకారమే.

ఆర్‌ఎఫ్‌ఐడీ ఈ పనికి కూడా వచ్చింది. ప్రెస్సు, రోబో ఉన్న పంజరానికి తలుపు ఉంటుంది, తెరిస్తే మిషన్ ఆగాలి. పాత పద్ధతిలో తలుపుకి అయస్కాంతం స్విచ్ ఉండేది. టార్గెట్ తరుముతుంటే తలుపు తెరిచే ఉంచి, స్విచ్‌కి ఒక అయస్కాంతం ముక్క టేపుతో అంటించేసేవారు. మిషన్ తలుపు మూసే ఉందనుకుని తిరిగేది, లోపల చెయ్యి పెట్టినవాడి చెయ్యి దాని దయ. దీన్ని ‘బైపాస్ కొట్టడం’ అంటారు. 2013 నాటి ఐఎస్ఓ 14119 ప్రమాణం ఈ మోసాన్నే దృష్టిలో పెట్టుకుంది. ఇప్పుడు తలుపుకి ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్, స్విచ్‌లో రీడర్ పెడుతున్నారు. విడిగా కోడ్ చేసిన స్విచ్ ఆ ఒక్క ట్యాగ్‌నే గుర్తుపడుతుంది, వేరే ముక్క ఏది అంటించినా ఒప్పుకోదు. ఫ్యాక్టరీ అంతటా సరుకుని కాపాడుతున్న చిప్ మనిషి చేతిని కాపాడే చోటు ఇది. ట్యాగ్ పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీలో చేరుతుంటే జీతం, బస్సు, క్యాంటీన్ ఎలాగూ అడుగుతారు. ఇంకో మూడు ప్రశ్నలు అడగమనండి. గ్యాస్ సెన్సర్ అంకె పనిచేసే చోట కనబడుతుందా? దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు? మిషన్ తలుపు స్విచ్‌ని బైపాస్ కొట్టడం అక్కడ మామూలేనా? మూడో ప్రశ్నకి అవునని జవాబొస్తే, ఆ ఉద్యోగంలో చేరొద్దు.